స్పేస్ ఇంజినీర్స్‌లో షిప్ రెండు ముక్కలు కాకుండా లైట్ ఆర్మర్ ఎక్కడ వేయాలి

ముందు ప్రశ్న ఏమిటో చెబుతాను, మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. చిత్తూరు నుంచి ఒక తమ్ముడు స్పేస్ ఇంజినీర్స్‌లో (బ్లాకులు పేర్చి అంతరిక్ష నౌకలు కట్టుకునే కంప్యూటర్ ఆట) పెద్ద గ్రిడ్ షిప్, అంటే పెద్ద సైజు బ్లాకుల షిప్ కట్టాడు. చుట్టూ రెండు పొరల హెవీ ఆర్మర్ (బరువైన, గట్టి కవచం; తేలికైనది లైట్ ఆర్మర్), మొత్తం 600 బ్లాకులు. మొదటి ఫైట్‌లోనే తలభాగం ఊడిపోయి అలా తేలుతూ వెళ్లిపోయింది. "మూడో పొర వేయాలా అన్నా, లేకపోతే లోపల ఖాళీ అంతా లైట్ ఆర్మర్‌తో నింపేయాలా?" అని అడిగాడు.

తమ్ముడూ, రెండూ వద్దు. నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్లు బాగా పెద్దవి చేసి చూశాను. నీ ఆర్మర్ ఓడిపోలేదు. చివరి ఫొటోలో చూడు, పక్కల హెవీ ఆర్మర్ ఇంకా సగానికి పైగా నిలబడే ఉంది. పోయింది మెడ. కాక్‌పిట్ ఉన్న తలకూ, రియాక్టర్ ఉన్న ఒంటికీ మధ్య ఒక్క బ్లాకు వెడల్పున్న దారి పెట్టావు. అందులోనే కన్వేయర్ (సామాను మోసే గొట్టం) కూడా పోతోంది. అక్కడ రెండు గుండ్లు పడ్డాయి, అంతే. ముందు ముక్కలో కాక్‌పిట్ ఉంది, కరెంట్ లేదు. వెనక ముక్కలో కరెంట్ ఉంది, ఇంజన్లు ఉన్నాయి, నడిపేవాడు లేడు. ఇంక నువ్వు ఎన్ని పొరలు వేసినా ఈ జబ్బు పోదు.

నేను ఈ ఆట 2015 నుంచి ఆడుతున్నాను. తిరుపతిలో బైరాగిపట్టెడలో మా గదిలో నలుగురం కలిసి శనివారం రాత్రుళ్లు షిప్‌లు కట్టుకుని కొట్టుకునేవాళ్లం. మొదటి రెండేళ్లూ నేనూ ఆర్మర్ అంటే మందం అనే అనుకున్నాను. ఎంత మందం వేస్తే అంత సేఫ్ అని. మా వాళ్లలో ఒకడు మాత్రం చూడటానికి చిల్లుల జల్లెడలా ఉండే షిప్ తెచ్చేవాడు. మేం పదిహేను నిమిషాలు కొట్టినా అది కదులుతూనే ఉండేది, కాలుస్తూనే ఉండేది. పై చర్మం అంతా పోయి లోపలి కడ్డీలు బయటపడ్డా దాని ముక్కలు మాత్రం విడిపోయేవి కావు. "సామీ, నువ్వు దెబ్బ తగలకూడదని కడుతున్నావు, నేను తగిలిన తర్వాత ఏం మిగలాలో చూసి కడుతున్నాను" అన్నాడు ఒకరోజు. నేను నీకు చెప్పేదంతా ఆ ఒక్క మాట నుంచి వచ్చిందే.

ముందు బరువు లెక్క చూద్దాం. పెద్ద గ్రిడ్‌లో ఒక లైట్ ఆర్మర్ బ్లాకుకు 25 స్టీల్ ప్లేట్లు, బరువు 500 కిలోలు. హెవీ బ్లాకుకు 150 స్టీల్ ప్లేట్లు, మెటల్ గ్రిడ్లు అనే ఇంకో రకం భాగాలు 50, బరువు 3,300 కిలోలు. నీ 600 హెవీ బ్లాకులే 1,980 టన్నులు. మిగతా షిప్ 600 టన్నులు అనుకుందాం, మొత్తం 2,580. వెనక నీకు నాలుగు పెద్ద అయాన్ థ్రస్టర్లు (కరెంట్‌తో నడిచే ఇంజన్లు) ఉన్నాయి. ఒక్కొక్కటి అంతరిక్షంలో 4,320 కిలోన్యూటన్ల తోపు ఇస్తుంది. అంటే సెకనుకు 6.7 మీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది, గరిష్ఠ వేగం సెకనుకు 100 మీటర్లు అందుకోవడానికి దాదాపు 15 సెకన్లు. మూడో పొరకు ఇంకో 300 బ్లాకులు వేశావనుకో, అది 20 సెకన్లు దాటుతుంది. అదే 600లో 200 హెవీ ఉంచి, 400 లైట్ చేస్తే షిప్ 1,460 టన్నులకు దిగుతుంది. 100 మీటర్ల వేగం ఎనిమిదిన్నర సెకన్లలో వస్తుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఆర్టిలరీ (పెద్ద ఫిరంగి) 2 కిలోమీటర్ల దూరం నుంచి కొడుతుంది. ఆ గుండు నీ దగ్గరికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. టరెట్ (తనంతట తానే గురిపెట్టి తిరిగే ఫిరంగి) నువ్వు వెళ్తున్న దిక్కును బట్టి ముందే లెక్కేసి కాలుస్తుంది. ఆ కొన్ని సెకన్లలో నువ్వు పక్కకు ఎంత జరగగలవన్నదే నీ మొదటి ఆర్మర్. బరువు పెంచుకున్న ప్రతిసారీ దాన్ని కొంచెం కొంచెం అమ్ముకుంటున్నట్టే. వెనక థ్రస్టర్లే కాదు, పక్కలకు తోసే థ్రస్టర్లు కూడా చూసుకో. నీ షిప్‌లో పక్కలకు చిన్నవే ఉన్నాయి, వాటి తోపు పెద్దదాని తోపులో పన్నెండో వంతు కూడా లేదు. అందుకే అది ఫైట్‌లో ఒక్క గీత మీదే పోతోంది.

హెవీ తీసెయ్యమని చెప్పడం లేదు. ఒక్కో బ్లాకుగా చూస్తే హెవీకి సాటి లేదు. కాకపోతే అది షిప్ చుట్టూ చుట్టే దుప్పటి కాదు. నిజం యుద్ధనౌకల్లో కూడా ఇదే వచ్చింది. 1916లో అమెరికా నౌకాదళంలోకి వచ్చిన నెవాడాతో "ఉంటే పూర్తిగా, లేకుంటే అసలు వద్దు" అనే పద్ధతి మొదలైంది. మందుగుండు గదులు, ఇంజన్లు, ఫిరంగుల అడుగు భాగాలు, వీటి చుట్టూ అత్యంత మందం, మిగతా చోట దాదాపు ఏమీ లేకుండా వదిలేయడం. ఎక్కడపడితే అక్కడ మధ్యరకం మందం వేస్తే అది పెద్ద గుండును ఆపదు, బరువు మాత్రం ఉంటుంది. నీ షిప్‌లో హెవీ దక్కాల్సినవి కాక్‌పిట్, రియాక్టర్, బ్యాటరీలు, గైరోస్కోప్‌లు (షిప్‌ను తిప్పేవి), మందుగుండు పెట్టిన కార్గో. వీటిని ఒకదానికొకటి దగ్గరగా, రెండు వేర్వేరు పెట్టెలుగా కట్టు. ఆ పెట్టెలకు మాత్రం హెవీ వేయి. 200 బ్లాకులు సరిపోతాయి.

మిగతాదంతా లైట్. లైట్ ఆర్మర్‌ను అందరూ "డబ్బుల్లేనివాడి ఆర్మర్" అనుకుంటారు. నా లెక్కలో ఇది ఆర్మరే కాదు, కట్టుబడి సామాను. ఇంటికి గోడ, దూలం, పిట్టగోడ ఎలాగో ఇదీ అలాగే. పని మూడు చోట్ల ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది అస్థిపంజరం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నీ షిప్ చచ్చింది ఇక్కడే కాబట్టి. ఈ ఆటలో బరువుకు ఏదీ వంగదు, విరగదు. ఒక్క బ్లాకు ముఖం ఇంకో బ్లాకు ముఖానికి అతికి ఉంటే చాలు, షిప్ మొత్తం ఒకటే గ్రిడ్, అంటే ఒకటే వస్తువు. అదే చివరి అతుకు పోయిన క్షణం రెండు గ్రిడ్‌లు. మధ్యస్థం ఏమీ లేదు. అందుకని మధ్యలో లావుపాటి దూలం ఒకటి వేయడం వల్ల లాభం తక్కువ. ఒకే చోట నాలుగు బ్లాకుల మందం ఉంటే, ఒకే చోట పడ్డ నాలుగు గుండ్లు దాన్ని తెంపేస్తాయి. సన్నటివే నాలుగు దూలాలు, ఒకదానికొకటి వీలైనంత దూరంగా, పైన ఒకటి, కింద ఒకటి, ఎడమ, కుడి, ముందు నుంచి వెనక దాకా వేయి. ప్రతి ఐదారు బ్లాకులకూ ఒక అడ్డపట్టీతో నాలుగింటినీ కలుపు. ఇప్పుడు షిప్ విడిపోవాలంటే ఒకే అడ్డకోతలో నాలుగూ పోవాలి. ఒకటి ఇక్కడ తెగి, ఇంకొకటి అక్కడ తెగితే అడ్డపట్టీలు తిప్పి కలుపుతాయి.

తిరుమల కొండకు రెండు ఘాట్ రోడ్లు ఎందుకున్నాయో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2021 డిసెంబరులో వానలకు పైకి వెళ్లే ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతిన్నప్పుడు బండ్లను దిగే రోడ్డు మీదే పైకీ కిందికీ నడిపారు. మధ్యలో రెండు రోడ్లనూ కలిపే లింక్ రోడ్డు ఉంది, అది వేరే అదృష్టం. నీ కన్వేయర్ లైన్ కూడా అలాగే ఉండాలి. రెండు దారులు, వేర్వేరు దూలాల వెంబడి, మధ్యలో ఒకటో రెండో లింకులు. టరెట్లకు మందుగుండు కన్వేయర్ ద్వారానే అందుతుంది. హైడ్రోజన్ థ్రస్టర్లు పెట్టుకున్నవాళ్లకైతే ఇంధనం కూడా దాని గుండానే. నీవి అయాన్ కాబట్టి ఆ ఒక్క టెన్షన్ లేదు, కరెంట్ ఉంటే తిరుగుతాయి. నీ టరెట్లు ఫైట్ మధ్యలో ఆగిపోవడం నువ్వు గమనించావో లేదో గానీ, మెడ తెగకముందే ఆగిపోయాయి. రెండో స్క్రీన్‌షాట్‌లో ఎడమ వైపు కన్వేయర్ అప్పటికే పోయింది.

అతుకుల విషయంలో చాలామంది మోసపోయేది ఒకటుంది. స్లోప్ బ్లాకుల వాలు ముఖానికి ఏదీ అతకదు. పక్కపక్కనే ఉన్నాయి కదా అని కంటికి కలిసినట్టే కనిపిస్తుంది, ఆటకు మాత్రం అవి వేర్వేరు. దూలాల్లో స్లోప్‌లు పెట్టొద్దు, పూర్తి బ్లాకులే పెట్టు. ఇంకో మాట, నీ షిప్ ముక్కు భాగమంతా స్లోప్‌లే. ట్యాంకుల్లా గుండు జారిపోతుందని వేసుంటావు. ఈ ఆటలో దాన్ని నమ్ముకోలేం. పైగా లైట్ స్లోప్‌లో ఉండేది 13 ప్లేట్లే, పూర్తి బ్లాకులో 25. అందం కోసం బయట కొన్ని ఉంచుకో, తప్పులేదు, నేనూ ఉంచుకుంటాను. కాపాడతాయని మాత్రం నమ్మొద్దు.

రెండో పని బయటి చర్మం. నీ షిప్‌లో హెవీ పొరలు లోపలి యంత్రాలకు అంటుకునే ఉన్నాయి. అందుకే రాకెట్ పొర మీద పేలినా ఆ పేలుడు చుట్టుపక్కల బ్లాకులకు కూడా చేరింది. హెవీ పెట్టెకు రెండు మూడు బ్లాకుల దూరంలో ఒక్క పొర లైట్ ఆర్మర్ వేసి చూడు. రాకెట్ మొదట తగిలిన చోటే పేలుతుంది. అక్కడ పోయేది 25 ప్లేట్ల బ్లాకులు కొన్ని, మధ్యలో ఉన్న ఖాళీ మిగతా పని చేస్తుంది. ఖాళీని ఖాళీగా వదలడమే ఇందులో కీలకం. నువ్వు అడిగినట్టు దాన్ని లైట్ ఆర్మర్‌తో నింపేస్తే పేలుడును మళ్లీ యంత్రాల దాకా తెచ్చుకున్నట్టవుతుంది, ఊరికే బరువు కూడా. చర్మాన్ని దూలాలకు కలిపే పొట్టి స్తంభాలు తగినన్నే పెట్టు, ఒక్కటే స్తంభం మీద పెద్ద రేకు వేలాడదీయకు. స్తంభం పోతే ఆ రేకంతా ఒకేసారి ఊడిపోతుంది.

నిజం అంతరిక్షంలో కూడా ఇలాంటిదే వాడతారు. 1940ల్లో ఫ్రెడ్ విపిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పిన ఆలోచన అది. గోడకు కొంచెం దూరంలో పల్చటి రేకు పెడితే, విపరీతమైన వేగంతో వచ్చే చిన్న ఉల్క రేకుకు తగిలి పొడి పొడి అయిపోతుంది, ఆ పొడి విచ్చుకుని లోపలి గోడ మీద విశాలంగా పడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఇలాంటి కవచాలే ఉన్నాయి. అయితే ఇక్కడ జాగ్రత్త పడాలి. ఆ భౌతికశాస్త్రం ఈ ఆటలో లేదు. రెయిల్‌గన్ (విపరీతమైన వేగంతో గుండు విసిరే ఆయుధం) గుండు పల్చటి రేకుకు పొడి కాదు, బ్లాకులను ఒకదాని వెనక ఒకటి తొలుచుకుంటూ లోపలికి పోతుంది. చర్మం పని చేసేది తగిలిన చోటే పేలే రాకెట్ల మీదే. గాట్లింగ్ (చిన్న తూటాలు వేగంగా కాల్చే తుపాకి) తూటాలకు కూడా అది కొంతసేపు ఆహారం అవుతుంది, అంతే.

రెయిల్‌గన్‌కు మందు వేరే. ఏ దిక్కు నుంచి చూసినా ఒకే సరళరేఖలో రెండు ప్రాణాధార యంత్రాలు ఉండకూడదు. నీ షిప్‌లో ముందు నుంచి చూస్తే కాక్‌పిట్, దాని వెనక గైరోలు, దాని వెనక రియాక్టర్, అన్నీ వరుసగా తిరుచానూరు రోడ్డులా తిన్నగా ఉన్నాయి. ఎదురుగా వచ్చినవాడు ఒక్క గుండు కాలిస్తే మూడింటికీ గండం. ఒక పెట్టెను పైకి ఎడమకు, రెండోదాన్ని కిందికి కుడికి జరుపు. దీనికి ఒక్క ప్లేట్ కూడా అదనంగా ఖర్చు కాదు.

మూడో పని లోపలి గోడలు. ఇది తొందరగా చెప్పేస్తాను. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో జనాన్ని కంపార్ట్‌మెంట్లుగా ఆపుతారు కదా, ఒకదాంట్లో తోపులాట జరిగినా పక్కదానికి పాకకుండా. గదికీ గదికీ మధ్య ఒక్క పొర లైట్ ఆర్మర్ గోడ పెట్టు. లోపల జరిగిన పేలుడు ఒక గదిలోనే చాలావరకు ఆగుతుంది, గాలి కూడా ఆ ఒక్క గదిలోనే పోతుంది. తలుపులు మాత్రం తక్కువ పెట్టు, గోడంత బలం వాటికి ఉండదు.

ఇంకో సంగతి నీకు తెలియకపోవచ్చు. శత్రువు టరెట్లు సాధారణంగా నీ ఆర్మర్‌ను గురి చూడవు. పనిచేసే బ్లాకులను గురి చూస్తాయి. టరెట్ సెట్టింగ్‌లలో ఆయుధాలు, థ్రస్టర్లు, కరెంట్ అని ఎంచుకునే వీలు కూడా ఉంది. అంటే ఆర్మర్ ఎక్కడ వేయాలో నిర్ణయించేది షిప్ ఆకారం కాదు, గుండు వచ్చే దారి. శత్రువు ఉండే దిక్కు నుంచి నీ రియాక్టర్ దాకా ఒక గీత గీసి చూడు, ఆ గీత మీద ఏముందన్నదే ప్రశ్న. నువ్వు ఎప్పుడూ ముక్కు ఎదురుపెట్టి ఫైట్ చేస్తానంటే, వెనక వైపు హెవీ వేసి ఎవరి కోసం? ఆ దారిని నువ్వే మార్చగల సాధనం డికాయ్ (ఎర) బ్లాకు. టరెట్లు ముందు దాని మీద పడతాయి. బయటి చర్మానికీ లోపలి పెట్టెకూ మధ్య ఉన్న ఖాళీలో, షిప్ చివర్ల దగ్గర, మూడు నాలుగు డికాయ్‌లు పెట్టి వాటి ముందు లైట్ ఆర్మర్ గుబురుగా వేయి. డికాయ్‌కు కరెంట్ కావాలి, గుర్తుంచుకో. అతుకు తెగిన ముక్క మీద ఉంటే అది పని చేయదు, మళ్లీ దూలాల మాటకే వచ్చాం. చేత్తో గురిపెట్టే మనిషిని డికాయ్ మోసం చేయలేదు. నీ స్నేహితుడు టరెట్ల మీదే ఆధారపడతాడని రాశావు కాబట్టి నీకు పనికొస్తుంది.

చర్మం వేసేటప్పుడు థ్రస్టర్ల మంట దారిని వదిలేయి. థ్రస్టర్ డ్యామేజ్ ఆన్‌లో ఉన్న సర్వర్‌లో నీ మంటే నీ చర్మాన్ని కాల్చేస్తుంది. ఒకసారి నేను కట్టిన షిప్‌కు వెనక అంచు మొత్తం అలాగే పోయింది, శత్రువు కాల్చాడనుకుని అరగంట వెతికాను.

ఇప్పుడు కట్టేముందు చేయాల్సింది. నీ పాత షిప్ బ్లూప్రింట్‌ను క్రియేటివ్ మోడ్‌లో (సామాను ఖర్చు లేకుండా కట్టుకునే పద్ధతి) తెరిచి, కాపీ పేస్ట్ చేసి పక్కన ఇంకొకటి పెట్టుకో. ఒకదాని మీద శత్రువులా ఆలోచించి పని చేయి. మధ్యలో ఎక్కడైనా ఒక అడ్డకోత ఎంచుకుని బ్లాకులు ఒక్కొక్కటే తీసేస్తూ పో, ఎన్ని తీస్తే షిప్ రెండవుతుందో లెక్కపెట్టు. నీ మెడ దగ్గర ఆ లెక్క వేళ్ల మీదే అయిపోతుంది, నేను స్క్రీన్‌షాట్‌లో ఆరు దాకా లెక్కపెట్టాను. కొత్త డిజైన్‌లో ఏ కోతకైనా అది కనీసం ఇరవై ఉండాలని నేను పెట్టుకునే నియమం. ఆ ఇరవై కూడా ఒకేచోట గుంపుగా ఉండకూడదు. తర్వాత నీ సొంత ఆర్టిలరీతో ఆ రెండో కాపీని నిజంగానే కాల్చి చూడు. ఫైట్‌లో నీ షిప్‌ను బయటి నుంచి నిదానంగా చూసుకునే తీరిక ఉండదు, ఎక్కడ మొదట తెగుతుందో ఇక్కడ తీరిగ్గా కనిపిస్తుంది. నేను ఒక్కో డిజైన్‌కు ఇలా ఐదారుసార్లు చేస్తాను. ఫైట్ కన్నా ఈ పనిలోనే నాకు ఎక్కువ సంతోషం.

సర్వైవల్‌లో (సామాను తవ్వి తెచ్చుకుని ఆడే పద్ధతి) దీనివల్ల ఇంకో మేలు ఉంది. ఫైట్ అయ్యాక పోయింది ఎక్కువగా లైట్ ఆర్మరే అయితే దాన్ని తిరిగి కట్టడానికి స్టీల్ ప్లేట్లు చాలు, అంటే ఇనుము చాలు. హెవీ పోతే మెటల్ గ్రిడ్లు కావాలి, వాటికి నికెల్, కోబాల్ట్ తవ్వుకోవాలి. ప్రొజెక్టర్‌లో (కట్టాల్సిన బ్లాకులను నీడలా చూపేది) బ్లూప్రింట్ పెట్టుకుని ఇద్దరు వెల్డర్లు పట్టుకుంటే చర్మం తొందరగా తిరిగొస్తుంది. 600 హెవీ బ్లాకులకు నువ్వు 90,000 ప్లేట్లు, 30,000 మెటల్ గ్రిడ్లు పెట్టావు. 200 హెవీ, 400 లైట్ అయితే 40,000 ప్లేట్లు, 10,000 మెటల్ గ్రిడ్లతో అయిపోతుంది.

మిగిలిన ఆ మెటల్ గ్రిడ్లను మూడో పొరకు కాకుండా రెండో రియాక్టర్‌కూ అదనపు గైరోలకూ వాడు, వాటిలో కూడా మెటల్ గ్రిడ్లే పడతాయి. ఆ రెండో రియాక్టర్‌ను తలభాగం వైపు పెట్టెలో పెట్టు, వెనక పెట్టెలో ఒక రిమోట్ కంట్రోల్ బ్లాకు (కాక్‌పిట్ లేకున్నా నడిపించేది) కూడా పెట్టు. అప్పుడు ఎంత చేసినా షిప్ విడిపోయిందే అనుకో, ముందు ముక్కకు కరెంట్ ఉంటుంది, టరెట్లు కాలుస్తాయి.